ఆమె ముత్తాత, ఆమె బావ

నా భార్య తన చివరి మూడేళ్లూ ఒక మనిషి కోసం వెతికింది. ఆ మనిషి ఆమె తల్లికి తాత, ఆమెకు ముత్తాత. తెల్లవాళ్ల కాలంలో ఒకనాడు ఇల్లు విడిచి వెళ్లి మళ్లీ రాలేదు. ఆ వెతుకులాటలో ఆమెకు తోడు నేను కాదు. ఆమె మేనమామ కొడుకు.

మేనమామ కొడుకంటే బావ. ఆమెను ఆయనకే ఇవ్వాలని చిన్నప్పటి నుంచి అనుకున్నారు. పెద్దల మధ్య ఏదో మాట తేడా వచ్చి ఆ సంబంధం ఆగిపోయింది. తర్వాత నాతో పెళ్లయింది. ఇది నాకు పెళ్లికి ముందే తెలుసు. మావైపు ఇలాంటివి ఎవరూ దాచరు. వరస ప్రకారం ఆయన నాకు అన్న అవుతాడు. భార్యకు బావ అయినవాడు భర్తకు అన్నే కదా. అందుకని పెళ్లయిన నాటి నుంచి ఆయన్ను అన్నా అని పిలుస్తూ వచ్చాను. ఆయన నన్ను తమ్ముడా అంటాడు, ఒక్కోసారి సారూ అంటాడు. సారూ అన్నప్పుడు కొంచెం ఎగతాళి ఉంటుంది.

ఆయన ధర్మవరంలో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా పనిచేసి మానుకున్నాడు. నేను హిందూపురంలో కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పాత కాగితాల్లో ఒక మనిషిని వెతకాలంటే ఇంట్లో ఉన్న చరిత్ర మాస్టరును అడగాలని ఎవరికైనా తోస్తుంది. ఆమెకు తోచలేదు.

"కోర్టు కాగితాలు బావకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు," అంది. "మీకేమో రాజులు, శాసనాలు."

ఎదురు చెప్పకపోవడం నాకు అలవాటు.

పెనుకొండ ఇద్దరికీ మధ్యలో ఉంది. మంగళవారం ఉదయం ఆమె హిందూపురంలో రైలెక్కేది. ఆయన ధర్మవరంలో ఎక్కేవాడు. ఇద్దరూ పెనుకొండ కోర్టు దగ్గర కలుసుకునేవాళ్లు. నకళ్లకు అర్జీలు పెట్టేవాళ్లు, రికార్డు గదిలో పాత దావా రిజిస్టర్లు తిరగేసేవాళ్లు, మధ్యాహ్నం ఆవరణలో కూర్చుని ఆమె తీసుకెళ్లిన చిత్రాన్నం తినేవాళ్లు. నాకూ అదే చిత్రాన్నం ఒక గిన్నెలో మూతపెట్టి ఉంచి వెళ్లేది. ఒకే పొయ్యి మీద వండిన అన్నం. అయినా నేను తింటున్నది వాళ్ల క్యారియర్లో పట్టకుండా మిగిలినదేమో అనిపించేది.

సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని కాఫీ పెట్టేది. ఆ కాఫీ తాగుతూ ఆ రోజు సంగతులు చెప్పేది. ముత్తాత గురించి రెండు మాటలుంటే బావ గురించి నాలుగు ఉండేవి. బావ రికార్డు కీపరును ఎట్లా బుట్టలో వేసుకున్నాడో, బావ ఎవరో జూనియరు వకీలు నడకను ఎట్లా అనుకరించి చూపించాడో చెప్పి నవ్వేది. నేను కూడా నవ్వేవాణ్ణి.

ముత్తాత కథ ఇది. ధర్మవరం పక్క ఊళ్లో ఆమె తల్లివైపువాళ్లకు భూములుండేవి. ఒక తరంలో ఆ ఇంట్లో మగపిల్లలు లేక కూతురికి ఇల్లటం అల్లుణ్ణి తెచ్చుకున్నారు. ఇల్లటం వచ్చినవాడు మామగారి సేద్యమంతా తన మీద వేసుకోవాలి. దానికి బదులు మామ ఆస్తిలో కొడుకులాగా భాగం ఉంటుంది. తన ఇంటిపేరు మాత్రం తనదే. ఆ అల్లుడు వచ్చిన కొన్నేళ్లకు మామకు లేకలేక కొడుకు పుట్టాడు. అక్కడి నుంచి చెడింది. కోర్టులో వ్యాజ్యం కూడా నడిచిందని చెప్పుకునేవాళ్లు. ఒకనాడు అల్లుడు గొర్రెలను సంతకు తోలుకుపోయి తిరిగి రాలేదు. మామ మనుషులే కొట్టి బావిలో వేశారని ఊళ్లో అనుకున్నారు. అతని భార్య మాత్రం ఏడవలేదు, బొట్టు తీయలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఉన్న ఒక్క కొడుకును పెంచుకుంటూ పుట్టింట్లోనే ముసలిదైంది. ఆ అల్లుడు ఏ ఊరి నుంచి వచ్చాడో చెప్పగలవాళ్లు కూడా ఆ ఇంట్లో మిగల్లేదు. ఆ కొడుక్కు పుట్టినవాళ్లే నా భార్య తల్లీ, బావ తండ్రీ.

పెద్దల అమావాస్య నాడు ఆ ఇంట్లో పోయినవాళ్లందరికీ గుడ్డలు పెడతారు. ఆయనకు పెట్టరు. పోయాడో లేదో తెలియనివాడికి పెట్టకూడదంటారు. అది నా భార్యకు చిన్నప్పటి నుంచి మనసులో ఉండిపోయింది. "చంపినారా, తనంతట తను పోయినాడా, అది తెలిస్తే చాలు నాకు," అనేది.

తెలియకుండానే ఆమె పోయిందని మేమందరం అనుకున్నాం. దసరా వరకు పెనుకొండకు వెళ్తూనే ఉంది. తర్వాత కడుపులో నొప్పి అంది. జబ్బేమిటో డాక్టర్లు చెప్పేసరికి చేయడానికి ఏమీ మిగలలేదు. కార్తీకంలో పోయింది.

దినాల నాడు భోజనాలయ్యాక బావ నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఆ ముసలాయన సంగతి నాకు ఇడిసిపెట్టు తమ్ముడా," అన్నాడు. "ఆ యమ్మ సగంలో పెట్టిపోయింది. నేను తేలుస్తా. యాడిదాకా వచ్చిందో నాకు తప్ప ఎవురికి తెలుసు?"

ఆయన ఓదార్పుగానే అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు ఆ చివరి మాట ఒక్కటే వినబడింది. నాకు తప్ప ఎవరికి తెలుసు. ఆమె వాడిన మందులు నాకు తెలుసు, నిద్రలో ఏ పక్కకు తిరిగేదో తెలుసు. ఆమె మొదలుపెట్టిన పని ఎక్కడ ఆగిందో ఆయనకు తెలుసు. ఆ పూట ఆ రెండింటిలో ఆయనదే పెద్దదనిపించింది. ఆయన కంటే ముందు ఆ ముత్తాతను నేను పట్టుకోవాలనుకున్నాను. తర్వాత నన్ను చూసి, భార్య కోరిక తీర్చడానికి తిరుగుతున్నాడు పాపం అని బంధువులు అన్నారు. వాళ్లను నేను సరిదిద్దలేదు.

చలి తగ్గాక ఒక మంగళవారం పెనుకొండకు వెళ్లాను. మంగళవారమే వెళ్లడం కావాలని చేసిన పని. రికార్డు గదిలో ఒకాయన టేబులు మీద దారాల కట్టలు విప్పుకుంటున్నాడు. నా భార్య గురించి గుర్తుచేశాను. కళ్లజోడు, గుడ్డసంచి, మంగళవారాలు వచ్చేది అని.

"ఓ, ఆ యమ్మా!" అన్నాడు. ముఖం విప్పారింది. "మొగుడూ పెండ్లాం ఇద్దురూ వస్తాండ్రి కద సార్. బలే జోడు. ఆయప్ప ఏదో ఒకటి అంటానే ఉంటాడు, ఆ యమ్మ నవ్వుతానే ఉంటాది. శానా దినాలాయ, కనపడల్యా. బాగుండారా?"

"ఆమె పోయింది," అన్నాను. "ఆమె భర్తను నేను."

ఆయన చేతిలోని దారం వదిలి నన్ను చూశాడు.

"మరి ఆయప్ప?"

"అన్న."

"ఆ యమ్మకా?"

"నాకు."

ఆయన రిజిస్టర్లు తెచ్చి ముందు పెట్టి, ఫ్యాను నావైపు తిప్పి వెళ్లిపోయాడు. ఆ జాలి నాకు అక్కర్లేదు. కానీ ఉక్కగా ఉంది, ఫ్యానును అలాగే ఉండనిచ్చాను.

వాదుల పేర్లున్న వరసలో ముత్తాత పేరు కోసం వెతికాను. ఆ పేరు మా అందరికీ తెలిసిందే. బావ తండ్రి పేరూ అదే. తాత పేరు మనవడికి పెట్టడం మావైపు ఆనవాయితీ. వాళ్ల ఇంట్లో ఉన్న పాత భూమి కాగితాల మీద కూడా పట్టాదారుగా, ఇంటిపేరు లేకుండా, అదే పేరుంది. కాబట్టి దావా వేసిన మనిషి ఆ పేరుతోనే ఉండాలి. లేడు. ఆ మంగళవారం లేడు, తర్వాతి మంగళవారమూ లేడు. మూడేళ్లు వాళ్లిద్దరూ వెతికితే దొరకనివాడు నాకు రెండు పూటల్లో దొరకకపోవడంలో వింత లేదు. వాళ్లు ఎక్కడిదాకా వచ్చారో తెలియకుండా నేను ముందుకు పోలేనని అర్థమైంది. అది తెలిసిన మనిషి ఒక్కడే. రైలెక్కి ధర్మవరం వెళ్లాను.

గుమ్మంలో బావ భార్య ఎదురైంది. నాకు వదిన. పక్కింట్లో మగ్గాలు ఆడుతున్నాయి. వాటి మీదుగా వినబడేలా మాట్లాడటం ఆమెకు అలవాటు.

"ఏమి మరిదీ, దోవ తప్పి వచ్చినావా? ఆ యమ్మ ఉన్నెన్నాళ్లు ఈ గడప తొక్కల్యా నువ్వు."

"అన్నతో పని పడింది వదినా."

"నీకూ పట్టిందా ఆ ముసలాయన దయ్యం? బాగుంది. ఇంగ ఇద్దురూ కలిసి ఎతకండి. నాకొగటి చెప్పు. మీరు ఎతకతాండేది ఆ ముసలాయన్నా, ఆ యమ్మనా?"

లోపలి నుంచి బావ గొంతు వచ్చింది. "గమ్మునుండవే. కాఫీ పెట్టుపో."

"పెడతా. ఆ యమ్మ కాఫీలో చక్కెరెంతో మీ అన్నకు తెలుసు మరిదీ. నాకెంతో అడుగు, చెప్పలేడు."

నవ్వుతూనే అంది. నాకు ఆమెను చూసి కొంచెం ఊరట కలిగింది. ఈ విషయంలో నేను ఒంటరిని కాననిపించింది.

బావ తన దగ్గరున్నవన్నీ మంచం మీద పరిచాడు. భూమి కాగితాలు, నకళ్లు, నా భార్య చేతిరాతతో ఉన్న వంశవృక్షం. ఏదీ దాచలేదు. ఆయన అంత ధారాళంగా ఉండటం కూడా నాకు నచ్చలేదు. గెలుస్తానని నమ్మకం ఉన్నవాడే అలా ఉంటాడు.

"పేరుకు ఏమీ అనుమానం లేదు సారూ," అన్నాడు. "జేజినాయన పేరు మనమనికి పెట్టేది మా వంశంలో తప్పదు. మా నాయనకు పెట్టినారు. ఆ పేరంటే మా ముసలవ్వకు ఎంత ప్రాణమో తెలుసునా? మా నాయన చిన్నప్పుడు గోళీలాటకు పోతే కూటి యాళకు రాడంట. ముసలవ్వ మిద్దెక్కి, రేయ్ అని పూర్తి పేరు పెట్టి అరిచేదంట. ఊరి చివర కల్లాల కాడికి ఇనపడేదంట. మా నాయన సచ్చేదాకా ఆ మాట చెప్పి నవ్వేటోడు."

ఆ ముసలవ్వ అంటే తప్పిపోయిన మనిషి భార్య.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. మా అమ్మ మా నాన్న పేరు ఏనాడూ పలకలేదు. రేషన్ షాపులో అడిగితే నన్ను ముందుకు తోసేది. మా అన్న కొడుక్కు మా నాన్న పేరు పెట్టాక, ఆ పిల్లవాణ్ణి చిన్నోడా అనే పిలిచింది. వాడు ఉద్యోగంలో చేరాక కూడా చిన్నోడే. మావైపు ఆ తరం ఆడవాళ్లలో ఇలా చేయనివాళ్లు లేరు. మొగుడి పేరు పెట్టుకున్న మనవణ్ణి ఏ ముసలామే ఆ పేరుతో పిలవదు. మిద్దె ఎక్కి అరవడం సంగతి చెప్పనక్కర్లేదు.

అంటే అది ఆమె మొగుడి పేరు కాదు. ఆమె తండ్రి పేరు. అల్లుడు వెళ్లిపోయాక ఆ ఇంటివాళ్లు అతని పేరును పక్కనపెట్టి, ఇంటి పెద్ద పేరును బావ తండ్రికి పెట్టారు. భార్య నోటివెంట ఎన్నడూ రాలేదు కాబట్టి అసలు పేరు ఆమెతోనే పోయింది. మిగిలినవాళ్లు ఆనవాయితీని నమ్మారు. దావా వేసినవాడి కోసం వెతుకుతూ, ఎవరి మీద దావా వేశాడో అతని పేరు పట్టుకుని తిరుగుతున్నాం.

"ఏమబ్బా, అట్ల కూచున్యావు?" అన్నాడు బావ.

"ఏమీ లేదన్నా. రైలుకు టైమైంది."

చెప్పలేదు. చెప్పి ఉంటే ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. ఆయనతో కలిసి పెనుకొండ కోర్టు ఆవరణలో కూర్చునే ఉద్దేశం నాకు లేదు.

మరుసటి మంగళవారం దాకా ఆగలేదు. తెల్లారి వెళ్లి, అవే రిజిస్టర్లలో ప్రతివాదుల వరస చూశాను. మధ్యాహ్నం లోపలే దొరికింది. ప్రతివాది స్థానంలో మాకు తెలిసిన ఆ పేరు, ఎదురుగా వాది స్థానంలో నేనెప్పుడూ వినని పేరు, ఇల్లటపు అల్లుడు అని, అమరాపురం దగ్గర ఒక పల్లె. రాజీతో కొట్టివేసినట్టు చివర రాసి ఉంది. ఆ పేరును వేలితో కప్పి కాసేపు కూర్చున్నాను. మూడేళ్లలో బావ చేయలేనిది చేశాను. ఆ సంతోషం చెప్పుకోవాల్సిన మనిషి లేదు. ఆ సంగతి రైల్లో గాని తోచలేదు.

రెండు రోజుల తర్వాత మడకశిర మీదుగా అమరాపురం బస్సెక్కాను. ఆ పల్లెలో ఇంటిపేరు చెబితే వెంటనే ఇల్లు చూపించారు. అరుగు మీద ఒకామె రాగులు చెరుగుతోంది. నా వయసే ఉంటుంది. ఆ ఇంటి కోడలు.

"బన్నీ, కూచోండి," అంది. అక్కడివాళ్ల మాట సగం కన్నడం, సగం తెలుగు. "యాడ నుంచి వచ్చినారప్పా?"

హిందూపురం నుంచి అని చెప్పి, ధర్మవరం పక్క ఊళ్లో ఇల్లటం అని మొదలుపెట్టాను. ఆమె చాట కింద పెట్టింది.

"మల్లానా? ఆ యమ్మకు అంతా చెప్పింటిమి కదప్పా."

"ఏ అమ్మకు?"

"అదే, కండ్లద్దాల యమ్మ. గుడ్డసంచి ఏసుకోని వచ్చిండె. మా ముత్తాత ఇల్లు ఇదేనా అని అడిగె."

నేను మొదట అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఆ ముత్తాత ఏమయ్యాడో అడగాలి. నేను అడిగింది మరొకటి.

"ఎవరితో వచ్చింది?"

"ఒంటిగానే. బస్సు దిగి నడుచుకుంటా వచ్చె. తోడు ఎవురూ లేదా తాయీ అంటే లేదనె."

ప్రాణం లేచొచ్చింది. ఆయన లేడు. ఆ ఊరట ఎక్కువసేపు నిలవలేదు.

"ఎప్పుడు?"

"పోయినేడు చింతకాయ దించేటప్పుడు. ఉగాదికి ముందర. ఇంట్లో రాసిపోసి ఉన్నింటిమి, దాంట్లోనే ఒక సంచి కట్టిస్తి."

ఆ చింతపండు నాకు తెలుసు. మా వంటింట్లో జాడీలో ఇంకా ఉంది. మడకశిరలో ఎవరి ఇంట్లోనో శ్రీమంతమని వెళ్లి తెచ్చింది. దానితో పెట్టిన చారు ఏడాదిగా తింటున్నాను.

ఆమె తర్వాత చెప్పింది వింటూనే ఉన్నాను, సగం మనసుతో. ఆ మనిషిని ఎవరూ చంపలేదు. వ్యాజ్యం రాజీ అయ్యాక, గొర్రెలను సంతలో అమ్మి ఒక జత ఎద్దులు కొనుక్కుని తన ఊరికి వచ్చేశాడు. ఏడాది గడిచాక బండి కట్టుకుని, ఎవరి కంటా పడకుండా రాత్రిపూట, భార్యా కొడుకుల కోసం వెళ్లాడు.

"మా నాయన ఇల్లు ఇడిసి నేను రాను అనెనంట ఆ యమ్మ," అంది. "గోడకు తిరుక్కోని నిలబడెనంట. బిడ్డనన్నా ఇయ్యమంటే ఇయ్యల్యా. ఈయప్ప వట్టి బండి తోలుకోని వచ్చె. మల్ల ఈడ్నే సమ్మందం చూసి చేసినారు. శానా ముసలోడై పోయినాడు. మా మామ ఆయప్ప మనమడే."

అంటే ఆయన బతికి ఉన్నాడని ఆ మొదటి భార్యకు తెలుసు. తెలిసే బొట్టు ఉంచుకుంది. తన అన్నం పెట్టే ఇంటివాళ్లను ఊరు హంతకులంటుంటే ఒక్క మాటతో ఆపగలిగి కూడా ఆపలేదు. వేరే రోజయితే ఆమె గురించి చాలాసేపు ఆలోచించేవాణ్ణి.

"మా... ఆవిడ ఏమంది ఇదంతా విని?" అన్నాను.

"నవ్వె. మీరెంత దగ్గర ఉండారు, బస్సుకు పొద్దున ఎక్కితే పగటికి వస్తారే అని నవ్వె. మావాళ్లకు నేనే చెప్పుకుంటా, మీరు ఎవురికీ చెప్పొద్దండి అనె. చెప్పలేదా ఏమి?"

"చెప్పింది," అన్నాను.

ముద్ద తిని పొమ్మంటే తిన్నాను. బస్సులో మడకశిర వచ్చేదాకా నెలలు లెక్క చూసుకుంటూ కూర్చున్నాను. ఉగాదికి ముందే ఆమెకు అంతా తెలుసు. పేరు తెలుసు, ఊరు తెలుసు, చంపలేదని తెలుసు. ఆడమనిషి కాబట్టి మిద్దె మీది ఆ కేక కథ వినగానే నాకంటే ముందే పట్టుకుని ఉంటుంది. ఆ రోజు నుంచి దసరా వరకు పెనుకొండలో ఆమె వెతకడానికి ఏమీ లేదు. అయినా ప్రతి మంగళవారం చిత్రాన్నం కలిపింది. క్యారియర్ సర్దింది. రైలెక్కింది. సాయంత్రం వచ్చి, ఈ వారం కూడా దొరకలేదండీ, బావ కూడా అలిసిపోయినాడు అని నాకు చెప్పింది.

ఆమె బావకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే దినాల నాడు ఆయన ఆ మాట అనేవాడు కాదు. అంటే చెబితే మంగళవారాలు ఆగిపోతాయని చెప్పలేదు. దీనికి మరో అర్థం ఉందేమోనని మా ఇంటి తాళం తీసేదాకా వెతికాను.

ఈ కబురులో రెండు సగాలున్నాయి. ఆమె ఒంటరిగా వెళ్లి ముత్తాతను కనిపెట్టి, బావకు చెప్పకుండా దాచిందన్నది మొదటి సగం. అది ఆయనకు తగులుతుంది. ఎప్పుడు కనిపెట్టిందన్నది రెండో సగం. అది ఆయనకు ఎవరూ ఇవ్వలేనిది ఇస్తుంది. మొదటి సగం మాత్రమే చెప్పాలనుకుని ధర్మవరం వెళ్లాను. ఎప్పుడని అడిగితే చివర్లో, ఆసుపత్రికి వెళ్లే ముందు అని చెప్పడానికి సిద్ధం చేసుకున్నాను.

వదిన ముందు ఈ మాట ఎత్తడం ఇష్టం లేక, భోజనం చేసి లేచాను. బావ స్టేషనుకు వచ్చాడు. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చున్నాక ముత్తాత దొరికాడని చెప్పాను. పేరు తప్పని, ఎట్లా తప్పో చెప్పాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు.

"మా నాయన నవ్వుతా చెప్పేది, నేను నవ్వుతా ఇనేది. థూ! నేనేమి గుమాస్తానప్పా. బలేవాడివి సారూ నువ్వు."

"నేను రెండోవాణ్ణి," అన్నాను. "మీ మరదలు నాకంటే ముందే వెళ్లి చూసి వచ్చింది. ఒక్కతే."

ఆయన ముఖం నేను అనుకున్నట్టే వాడింది.

"ఒగతేనా? నాకు చెప్పకుండా?"

"నాకూ చెప్పలేదు."

"నీకు చెప్పకపోతే పోనీలే. నాకు చెప్పల్యా?" అన్నాడు. అన్నాక, అన్నది ఎవరితోనో గుర్తొచ్చింది. తువ్వాలు భుజం మార్చుకున్నాడు. గూడ్సు బండి ఒకటి పోయేదాకా ఇద్దరం దాన్నే చూశాం.

"ఎప్పుడు పోయిండె?"

సిద్ధం చేసుకున్న అబద్ధం నోటిదాకా వచ్చింది. బతుకంతా పిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ణి. జరిగినదాన్ని ముందుకూ వెనక్కూ జరపడం చేతకాలేదు.

"ఉగాదికి ముందు," అన్నాను.

"ఈ ఉగాదికా?" అని, తనే తల ఊపుకున్నాడు. ఈ ఉగాదికి ఆమె లేదు. "పోయిన ఉగాదికి ముందరా?"

"అవును."

"అయితే ఎండాకాలమంతా..." అని ఆగిపోయాడు. వకీలు గుమాస్తా. లెక్క తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆయన తల వంచుకున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అయ్యాక కూడా తువ్వాలు నోటి దగ్గరే ఉంచుకున్నాడు. దాని వెనకున్న నవ్వు నాకు కళ్ల పక్కన ముడతల్లో కనిపించింది.

తర్వాత నా వైపు చూసి, నన్ను ఓదార్చాలనుకున్నాడు.

"ఏమీ అనుకోవద్దు తమ్ముడా. కోర్టు కాడ ఏపచెట్ల కింద చల్లగుంటాది. అందుకొచ్చేదేమో ఆ యమ్మ. ఎండాకాలం ఇంట్లో కరెంటు ఉండదు కదా."

"మాకు ఇన్వర్టర్ ఉంది," అన్నాను.

రైలు వచ్చింది. ఎక్కాక ఆయన నా సంచి కిటికీలోంచి అందించాడు. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ చూసి, కిటికీ ఊచలకు దగ్గరగా వచ్చాడు.

"ఆ ఉగాది మాట మీ వదినకు తెలియనియ్యద్దబ్బా," అన్నాడు, గొంతు తగ్గించి.

డెబ్బై ఏళ్ల మనిషి. ఆ మాట చెబుతున్నప్పుడు పెళ్లి కాని కుర్రవాడిలా ఉన్నాడు. భార్య దగ్గర దాచుకోవడానికి ఆయనకు ఒకటి దొరికింది. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. సరేనని తల ఊపాను. రైలు కదిలింది.